భుజం మీద ఒక్క బంగారు పట్టీ

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నావు. జేఈఈ మెయిన్ అంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫీజు కట్టావు, రాత్రి పదకొండింటిదాకా లెక్కలు చేస్తున్నావు. మరి అదే ర్యాంకుతో భారత నౌకాదళంలో ఆఫీసరు కావడానికి దరఖాస్తు పెట్టొచ్చని ఎవరైనా చెప్పారా? నీ దగ్గర పైసా తీసుకోకుండా నాలుగేళ్లు బీటెక్ చదివించి, డిగ్రీ చేతికిచ్చి, భుజానికి సబ్ లెఫ్టినెంట్ పట్టీ తొడిగే దారి ఒకటుందని?

చెప్పి ఉండరు. చందర్లపాడు నుంచి నందిగామ వెళ్లే బస్సులో పొద్దున్నే ఎక్కే పిల్లల్ని అడిగి చూడు. ఎంపీసీ వాళ్లు ఇంజనీరింగ్ అంటారు, ఆ తర్వాత అమెరికా అంటారు. మిలిటరీ అన్నవాళ్లని కాస్త గుచ్చి అడిగితే అగ్నివీర్ అంటారు. అది గౌరవమైన ఉద్యోగమే, నేనేమీ తక్కువ చేయను. కానీ ఆఫీసరు తలుపు కూడా ఇంటర్ గుమ్మంలోనే ఉంది. ఉందని తెలియక దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోతున్నారు. నా బాధల్లా అదే, ఈ అధ్యాయం రాస్తున్నదీ అందుకే.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం

నౌకాదళంలో కమిషన్డ్ ఆఫీసర్ల వరసలో మొదటి మెట్టు సబ్ లెఫ్టినెంట్. భుజం మీద ఒక్క బంగారు పట్టీ, దాని పైన చిన్న చుట్టు. అమెరికా నేవీలో ఇదే మెట్టుని ఎన్‌సైన్ అంటారు. మన కోస్ట్ గార్డులో ఆఫీసరుగా చేరేవాళ్లు అసిస్టెంట్ కమాండెంట్‌గా మొదలవుతారు. సబ్ లెఫ్టినెంట్ మూల వేతనం నెలకి 56,100 రూపాయలు. మిలిటరీ సర్వీస్ పే 15,500 దానికి తోడు. డీఏ, ఇతర భత్యాలు వేరు.

పేర్ల దగ్గర మనవాళ్లు మూడుచోట్ల పొరబడతారు. "జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్" అనే మాట విని అది ఇదే అనుకోవడం మొదటిది. ఆర్మీలో ఆ మాట నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్లకి వాడతారు. వాళ్లు జవాన్లుగా చేరి ఏళ్ల తరబడి పనిచేసి పైకొచ్చిన పెద్దలు. సబ్ లెఫ్టినెంట్ మొదటిరోజు నుంచే పూర్తి ఆఫీసరు. రెండోది లెఫ్టినెంట్, కెప్టెన్ అన్న పేర్ల గందరగోళం. ఆర్మీ లెఫ్టినెంటూ నేవీ సబ్ లెఫ్టినెంటూ సమానం. నేవీ లెఫ్టినెంట్ ఆర్మీ కెప్టెన్‌తో సమానం. నేవీ కెప్టెన్ అయితే ఏకంగా ఆర్మీ కల్నల్‌తో సమానం. ఇంటర్వ్యూలో ఇది తడబడితే బాగుండదు.

మూడోది డబ్బు పోగొట్టే పొరపాటు. మర్చంట్ నేవీ అంటే సరుకు ఓడల ఉద్యోగం. అది వేరు, నౌకాదళం వేరు. "నేవీలో సీటు ఇప్పిస్తాం, లక్షలు కట్టండి" అని ఎవరైనా మీ నాన్న దగ్గరికి వస్తే గుమ్మంలోనే పంపించెయ్. నౌకాదళంలో ఆఫీసరు సీటు అమ్మేవాడు లేడు, కొనేవాడూ లేడు.

ఆ పట్టీ తొడుక్కున్నాక ఏం పని?

దీనికి జవాబు తెలియకుండా చదవడం మొదలుపెట్టకు. ఎందుకంటే ఎంపిక చేసేవాళ్లు నీలో వెతికేదంతా ఈ జవాబులోనే ఉంది.

ఇరవై రెండేళ్లకి ఓడ ఎక్కుతావు. నీ కింద కొందరు నావికులుంటారు. వాళ్లలో ఒకాయన ఇరవయ్యేళ్ల సర్వీసు చేసి ఉంటాడు. వయసులో మీ బాబాయంత. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు. ఆయన నీకు సెల్యూట్ చేస్తాడు, నువ్వు ఆయన దగ్గర పని నేర్చుకోవాలి. ఆయన భార్యకి ఒంట్లో బాగోలేదని సెలవు చీటీ పెడితే అది చదివి పైవాళ్లతో మాట్లాడాల్సింది నువ్వే. నౌకాదళంలో ప్రతి నావికుడి మంచీచెడూ చూడ్డానికి డివిజనల్ ఆఫీసర్ ఒకడుంటాడు. ఆ బాధ్యత చిన్నవయసులోనే నీ మీదికి వస్తుంది.

రాత్రి పన్నెండు నుంచి నాలుగుదాకా బ్రిడ్జి మీద నిలబడే వాచ్ కూడా ఉంటుంది. ముందు పెద్ద ఆఫీసరు పక్కన నిలబడి నేర్చుకుంటావు. పరీక్ష పాసై వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాక, కెప్టెన్ తన గదిలో నిద్రపోతుంటే ఆ నాలుగు గంటలూ ఓడ నీ చేతిలో ఉంటుంది.

ఇలాంటి పనికి ఎలాంటి మనిషి కావాలి? పదిమంది మాట వినేవాడు, తను చెప్పింది పదిమంది వినేలా చెప్పగలవాడు, ఏమీ తోచనప్పుడు కూడా చేతులు కట్టుకు నిలబడనివాడు. పల్లెలో పెరిగిన నీకు ఇందులో సగం ఇప్పటికే వచ్చు. వచ్చని నీకే తెలియదు.

లోపలికి వెళ్లే తలుపులు

1. జేఈఈ మెయిన్ దారి. దీన్ని టెన్ ప్లస్ టూ బీటెక్ క్యాడెట్ ఎంట్రీ అంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 70 శాతం, ఇంగ్లీషులో పదిలోనో ఇంటర్లోనో 50 శాతం ఉండాలి. వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర మధ్య. ర్యాంకుని బట్టి ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లని ఎంపికచేసే అయిదు రోజుల ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఎంపికైతే కేరళ కన్నూరు జిల్లా ఎళిమలలోని ఇండియన్ నేవల్ అకాడమీలో చదువు. సముద్రం ఒడ్డున 2,452 ఎకరాల్లో ఉన్న ఆ అకాడమీని 2009 జనవరిలో ప్రారంభించారు.

2. ఎన్‌డీఏ దారి. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్షని యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. విజయవాడలోనే రాయొచ్చు. మ్యాథ్స్‌కి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. మూడేళ్లు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, ఏడాది ఎళిమలలో.

3. డిగ్రీ తర్వాత దారులు. సీడీఎస్ పరీక్ష ఉంది. షార్ట్ సర్వీస్ కమిషన్ ఉంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి విడిగా ఉంది. ఇప్పుడు బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు "మాకు ఆలస్యమైపోయింది" అనుకోవద్దు.

తమ్ముడో చెల్లెలో అయిదో తరగతిలో ఉంటే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలు, అన్నమయ్య జిల్లా కలికిరి సైనిక్ స్కూలు గుర్తుపెట్టుకో. ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశపరీక్ష ఉంటుంది.

ఆడపిల్లలు ఈ పేజీ తిప్పెయ్యొద్దు. ఎన్‌డీఏలోకి అమ్మాయిల్ని 2022 నుంచి తీసుకుంటున్నారు. మొదటి జట్టులో 17 మంది శిక్షణ పూర్తిచేసి 2025 మేలో బయటికొచ్చారు. హైదరాబాదు అమ్మాయి రితి సింగ్ 2020 సెప్టెంబరులో సబ్ లెఫ్టినెంట్ హోదాలోనే, యుద్ధనౌకల మీది హెలికాప్టర్లలో పనిచేసే అబ్జర్వర్‌గా శిక్షణ పూర్తిచేసింది. ఆమె, కుముదినీ త్యాగి ఇద్దరే ఆ పనికి ఎంపికైన మొదటి మహిళలు. 2025 జులైలో నౌకాదళ ఫైటర్ పైలట్ విభాగంలోకి వెళ్లిన మొదటి మహిళ ఆస్థా పూనియా కూడా సబ్ లెఫ్టినెంటే. ఆమెకి రెక్కల బ్యాడ్జి తొడిగింది మన విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో.

ఇక నువ్వు చేయాల్సినవి

1. ఈ వారమే కళ్లు చూపించుకో.

రెండేళ్లు కష్టపడి చదివి, అయిదు రోజుల ఇంటర్వ్యూ గెలిచి, చివర్న మెడికల్లో "రంగులు సరిగ్గా పోల్చలేకపోతున్నావు" అని తేలితే ఆ నొప్పి మామూలుగా ఉండదు. రంగుచుక్కల మధ్య అంకె కనిపెట్టే పుస్తకం ఒకటుంటుంది, కంటి డాక్టరు అయిదు నిమిషాల్లో చూసేస్తాడు. ఓడ దీపాల్లో ఎర్రదేదో పచ్చదేదో తెలియాలి కదా. చూపుకి కూడా హద్దులున్నాయి, నోటిఫికేషన్లో చదువుకో. పచ్చబొట్టు పొడిపించుకోవాలన్న సరదా ఉంటే మానుకో. ముంజేతి లోపలి వైపు లాంటి ఒకటి రెండుచోట్ల తప్ప ఒప్పుకోరు.

2. ఇంగ్లీషు పేపర్ని చిన్నచూపు చూడకు.

మన కాలేజీల్లో ఎంపీసీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకం పరీక్ష ముందురోజు తెరుస్తారు. నీ కష్టమంతా లెక్కల మీద పెట్టి, ఇంగ్లీషులో 50 శాతం తప్పితే దరఖాస్తు గడప కూడా దాటదు.

3. రోజూ మూడు నిమిషాలు నోరు విప్పు.

నిజం చెప్పుకుందాం. మన పిల్లల్ని వెనక్కి లాగేది తెలివీ కాదు, ఒంటి బలమూ కాదు. నలుగురిలో ఇంగ్లీషులో మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోవడం. ఢిల్లీ పిల్లాడు గడగడా మాట్లాడుతుంటే "నావల్ల కాదు" అని అక్కడే కూలబడిపోవడం. ఇంటర్వ్యూలో కూర్చున్న ఆఫీసర్లు నీ యాసకి మార్కులు వేయరు. నువ్వు చెప్పదలిచింది అర్థమవుతోందా, చెబుతూ ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తున్నావా అనేదే చూస్తారు.

ఎస్‌ఎస్‌బీలో లెక్చరెట్ అని ఒకటుంది. చీటీలో నాలుగు అంశాలుంటాయి. ఒకటి ఎంచుకుని మూడు నిమిషాలు ఆలోచించుకుని, మూడు నిమిషాలు మాట్లాడాలి. అదే సాధన చెయ్. సాయంత్రం చెరువుగట్టు మీదో, పత్తి చేను గట్టు మీదో నిలబడి పైకి మాట్లాడు. మొదటి వారం నలభై సెకన్లకే ఆగిపోతావు. ఆగినచోట తెలుగులో పూర్తిచెయ్, ఇంటికెళ్లి ఆ ముక్క ఇంగ్లీషులో రాసుకో. నెల తిరిగేసరికి రెండు నిమిషాలు దాటుతావు. ఫోన్లో రికార్డు చేసి వినడం మాత్రం మానకు, నీ గొంతు నీకు నచ్చకపోయినా.

4. నీ ఊరిని చదువు.

ఇంటర్వ్యూలో "మీ ఊరి గురించి చెప్పు" అంటారు. పదిమందిలో తొమ్మిదిమంది "మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్" అని ఆగిపోతారు. నువ్వలా ఆగకు. మన చందర్లపాడు మండలంలోనే ఏటూరు దగ్గర మునేరు వచ్చి కృష్ణలో కలుస్తుంది. గుడిమెట్ల కొండమీద పాత కోట ఉంది, అక్కణ్ణుంచి చాగి వంశంవారు ఏలారు. కృష్ణకి ఆవలి ఒడ్డున అమరావతి, శాతవాహనుల నాటి ధాన్యకటకం. ఆ శాతవాహనుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. విశాఖలో మన జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం పేరు ఐఎన్‌ఎస్ శాతవాహన. సముద్రానికి దూరంగా పుట్టానని సిగ్గుపడాల్సింది ఏముంది ఇందులో?

పంటల సంగతి కూడా. పత్తి క్వింటా ఈ ఏడు ఎంత పలికింది, మిర్చికి పెట్టుబడి ఎకరానికి ఎంతయింది, మీ నాన్నని అడుగు. ఇంట్లో లెక్క తెలిసిన కొడుకు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

5. కథలు కొనుక్కోకు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పోతారు. ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులు నడుస్తుంది. మొదటిరోజే మసక బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. తర్వాత గుంపులో కూర్చోబెట్టి ఎవరి కథ వాళ్లని చెప్పమని, అందరూ కలిసి ఒక్క కథకి రమ్మంటారు. ఆ సాయంత్రానికే చాలామందిని వెనక్కి పంపేస్తారు. మిగిలినవాళ్లకి మర్నాడు మరో పన్నెండు కథలు. పదిహేను సెకన్లకో మాట చొప్పున 60 మాటలు చూపించి, ఒక్కోదానికీ తోచిన వాక్యం రాయమంటారు. ఆపైన అరగంటలో 60 చిక్కు సందర్భాలు.

కోచింగుల్లో బట్టీ పట్టించిన కథల్లో హీరో ఎప్పుడూ ఊరు బాగుచేస్తాడు, వైద్యశిబిరం పెడతాడు, కలెక్టరు మెచ్చుకుంటాడు. ఇలాంటివి వాళ్లు రోజుకి వంద చదువుతారు. నువ్వు చూసింది రాయి. బొమ్మలో మబ్బు, నలుగురు మనుషులు కనిపించారనుకో. మిర్చి కళ్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, రాత్రి తొమ్మిదింటికి వాన పట్టింది. పట్టాలు మూడే ఉన్నాయి, రాశులు అయిదు. తాలుకాయల రాశిని వదిలేసి మేలిరకం మూడింటి మీదా పట్టా కప్పించి, పక్క కళ్లం వాళ్లని లేపి ఇంకో పట్టా అడిగి తెచ్చిన కుర్రాడి కథ రాయి. ఇది నువ్వు చూసినదే, బహుశా చేసినదే. ఉన్నవాటిలో ఏది ముందు కాపాడాలో తేల్చుకోవడం, పక్కవాడి సాయం అడగడానికి మొహమాటపడకపోవడం, వానలో మనుషుల్ని కదిలించడం అన్నీ ఇందులో ఉన్నాయి. వాళ్లకి కావలసిన ఆఫీసరు లక్షణాలు ఇవే.

2024 సెప్టెంబరు వరద నీకు గుర్తుండే ఉంటుంది. ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. విజయవాడలో చిక్కుకున్నవాళ్ల కోసం విశాఖ నుంచి నేవీ హెలికాప్టర్లు వచ్చాయి. ఆ రెండు మూడు రోజులు నువ్వేం చేశావు? ఎవరింటికి అన్నం పట్టుకెళ్లావు, ఎవరి గేదెల్ని మెరకకి తోలావు? కాగితం మీద రాసిపెట్టుకో. ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదని ఒప్పుకో. అబద్ధం మాత్రం చెప్పకు. కథలో, ఇంటర్వ్యూలో, గ్రౌండులో ముగ్గురు వేర్వేరు ఆఫీసర్లు నిన్ను చూస్తారు, చివరిరోజు కలిసి కూర్చుంటారు. మూడుచోట్లా ఒకే మనిషి కనబడాలి.

6. గుంపులో అరవకు, మూలనా కూర్చోకు.

గ్రూప్ డిస్కషన్ అనగానే కొందరు సంతలో బేరంలా గొంతు పెంచుతారు. ఇంకొందరు "నన్నడిగినప్పుడు చెప్తా" అని కూర్చుంటారు, ఎవరూ అడగరు. అందరూ అరుస్తున్నప్పుడు పక్కవాడు చెప్పిన మంచి ముక్కని పట్టుకుని "చెస్ట్ నంబర్ ఆరు చెప్పింది ఒకసారి విందాం" అని చూడు. ఆ ఒక్క వాక్యం పది వాక్యాల పెట్టు. గ్రౌండులో కర్ర, తాడు, డ్రమ్ములు ఇచ్చి గుంపుని అవతలికి దాటించమంటారు. బురదలో దిగబడిన ట్రాక్టరుని నలుగురితో కలిసి బయటికి లాగినవాడికి ఇది కొత్త పని కాదు. బరువున్న చివర ఎవరు పట్టాలో చూసుకోవడమే.

7. పరుగు, ఈత.

ఎన్‌డీఏకి వెళ్లేలోపు 2.4 కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో పరిగెత్తడం, ఇరవై దండీలు, ఎనిమిది చినప్‌లు అలవాటు చేసుకోమని వాళ్లే చెబుతారు. రోజుకి ముప్పావుగంట పెడితే మూడు నెలల్లో వస్తుంది. ఈత రాకపోయినా అకాడమీలో నేర్పుతారు. ఒక్కడివే కృష్ణలో దిగి నేర్చుకోబోకు. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు. నేర్పేవాడున్న ఈతకొలను చూసుకో.

8. కాగితాలు సరిచూసుకో.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్లో వెనక. నాన్న పేరులో ఒక అక్షరం తేడా. మన ఇళ్లలో ఇది మామూలే. దరఖాస్తు గడువు వారంలో ఉందనగా మీసేవ చుట్టూ తిరగకుండా ఇప్పుడే సరిచేయించు.

9. వెనక్కి పంపితే మళ్లీ వెళ్లు.

మొదటిసారి తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో తలెత్తుకోలేనట్టు ముడుచుకుపోతారు. రెండోసారికో మూడోసారికో ఎంపికైన ఆఫీసర్లు నౌకాదళంలో ఎందరో ఉన్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి థర్డ్ ఏసీ రైలు ఖర్చు కూడా వాళ్లే ఇస్తారు. ఇంటికొచ్చిన రాత్రే, మర్చిపోకముందే, ఎక్కడ తడబడ్డావో రాసుకో.

10. ఇంట్లో ముందే మాట్లాడు.

ఇది అన్నిటికంటే కష్టం, అందుకే చివరికి పెట్టాను. దరఖాస్తు దాచిపెట్టి, కాల్ లెటరు వచ్చాక బాంబు పేల్చినట్టు చెప్పకు. నాన్న మొదట అడిగేది సెలవుల సంగతే. "మిర్చి కోతలకి వస్తావుట్రా?" ఆఫీసర్లకి ఏడాదికి 60 రోజుల సెలవు, విడిగా 20 రోజులు క్యాజువల్ లీవు ఉంటాయి. కానీ ఎప్పుడు దొరుకుతుందో నీ చేతిలో ఉండదు. "కుదిరితే వస్తా నాన్నా, ఓడ బయల్దేరితే రాలేను" అని ఉన్నదున్నట్టు చెప్పు. తీపికబుర్లు చెప్పి తర్వాత మాట తప్పడం కంటే ఇదే మేలు.

అమ్మ భయం వేరు. ఆమెకి సముద్రం అంటే తుపాను వార్తలే. మాటలతో ఆ భయం పోదు. సెలవుల్లో ఒక రాత్రి రైలుకి విజయవాడ నుంచి విశాఖ తీసుకెళ్లు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డు మీద నిలబడింది. ఇరుకు దారిలో వంగి నడుస్తూ ఆమె అడుగుతుంది: ఇందులో ఇంతమంది ఎలా పడుకుంటారు, వంట ఎక్కడ, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, ఇంటికి కబురెలా? అక్కడ దగ్గరుండి చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దలుంటారు. నువ్వు జవాబు చెప్పబోకు, వాళ్లనే అడగమను. పక్కన నిలబడి విను, ఒక్కొక్కటీ రాసుకో.